లక్షా మూడో వత్తి

రా చిట్టితల్లీ, ఇలా నా పక్కన పడుకో. కాళ్ళు ముడుచుకోకు, చాపు. దుప్పటి నేను కప్పుతాను. కథ చెప్తాను గాని నువ్వు ఊఁ కొట్టాలి. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే కథ దారిలో నిలబడిపోతుంది, ఎటు పోవాలో దానికి తెలీదు. ఏదీ, ఒకసారి అను. ఆఁ, అలాగ.

అనగనగా దూదిపూడి అని ఒక ఊరు. నల్లరేగడి నేల, చుట్టూ పత్తి చేలు. కాయ పగిలే రోజుల్లో మేడెక్కి చూస్తే మబ్బులు కిందికి దిగి చేలల్లో మేస్తున్నట్టుండేది. ఆ ఊళ్ళో రెండే వీధులు. ఒకటి తూర్పు వీధి, ఒకటి పడమటి వీధి. రెండూ కలిసేచోట మల్లేశ్వరస్వామి గుడి.

ఆ ఊరికి ఒక నోము ఉంది. ఏటా కార్తీక పౌర్ణమికి ఊరంతా కలిసి లక్ష వత్తులు చేస్తారు. అన్నీ నేతిలో తడిపి, పెళ్ళిళ్ళలో బూరెలు వేసే బాణలి కంటే నాలుగింతలుండే బాణలిలో పోసి, చంద్రుడు పైకి వచ్చే వేళకి వెలిగిస్తారు. లక్ష వత్తులు ఒక్క మంటై లేస్తాయి. స్వామికి వేరే హారతి అక్కర్లేదు ఆ రోజు.

లక్షంటే ఎంతో తెలుసా నీకు? పది వత్తులు ఒక పిడి. పది పిళ్ళు ఒక కట్ట. పది కట్టలు ఒక చేట. అలాంటి చేటలు వంద. గుడి ముందు అరుగు మీద వంద చేటలు వరసగా పేరిస్తే ఈ చివర నుంచున్నవాళ్ళకి ఆ చివర కనిపించేది కాదు.

ఆ లెక్క చూసే ఆవిడ పేరు పేరిందేవి. తూర్పు వీధిలో ఉండేది. పెదవి కదపకుండా లెక్కపెట్టేది. ఆవిడ "వంద చేటలూ సరి" అన్నదంటే ఇంకెవరూ మళ్ళీ లెక్కపెట్టేవారు కాదు. పేరిందేవికి ఒక్కతే కూతురు, మంగతాయి. ఆ పిల్లని పడమటి వీధిలోనే ఇచ్చింది. "పొద్దున పోసిన మజ్జిగ పులవకముందే కూతుర్ని చూసొస్తాను" అని మురిసిపోయేది.

ఊఁ కొట్టు మరి.

అప్పుడేమయిందంటే, ఒక ఏడాది పౌర్ణమికి వత్తులు వెలిగించగానే గాలి వీచి మంట కొంచెం తూర్పుకి వాలింది. అంతే. తూర్పు వీధి వాళ్ళు "స్వామి మావైపు చూశాడు" అన్నారు. పడమటి వీధి వాళ్ళు "చూస్తే చూశాడు, పొగ కూడా మీకే ఇచ్చాడు" అన్నారు. ఒకరు నవ్వారు. ఒకరికి కోపం వచ్చింది. కోపం వచ్చినాయన ఇంటికి వెళ్ళి పెళ్ళాంతో చెప్పాడు. ఆవిడ మర్నాడు బావి దగ్గర నలుగురికి చెప్పింది.

ఆ తర్వాత ఊరు పంపకాలు మొదలుపెట్టింది.

మొదట బావిని పంచుకున్నారు. పొద్దున నీళ్ళు తూర్పుకి, సాయంత్రం నీళ్ళు పడమరకి. ఆ తర్వాత దారిని పంచుకున్నారు. రెండు వీధుల మధ్య అడ్డంగా ముళ్ళకంప వేసి, అటు వాళ్ళు ఇటు రాకూడదు, ఇటు వాళ్ళు అటు పోకూడదు అని పెద్దలు కట్టడి చేశారు. ఇక మూడోది మిగిలింది. మరుసటి కార్తీకం వచ్చేసరికి పడమటి వీధి వాళ్ళు పట్నం వెళ్ళి ఇంకో బాణలి కొనుక్కొచ్చారు.

"మంటని కూడా పంచుకుందాం. మీ యాభై వేలు మీవి, మా యాభై వేలు మావి. ఎవరి మంట ఎటు వాలుతుందో వాళ్ళే చూసుకుంటారు" అన్నారు.

ఆ మాట విని పేరిందేవి కంప దగ్గరికి పరిగెత్తింది. ఎందుకంటే మంగతాయికి ఏడో నెల. తొలిచూలు. ఏడో నెలలో కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవాలి, నీళ్ళు పోసి పురుడు పోసి పంపాలి. అడ్డంగా కంప ఉంది. కంప దగ్గర నిలబడి పేరిందేవి పడమటి వీధి పెద్దని అడిగింది.

"బాబూ, పిల్లని తీసుకుపోతాను. పురుడయ్యాక తీసుకొచ్చి దింపుతాను."

ఆయన కంప వైపు చూశాడు. "కట్టడి నేనొక్కణ్ణే చేశానా అమ్మా. మంట కలిసున్నన్నాళ్ళూ ఊరు కలిసుంది. రేపు మంట వేరైతే ఊరు వేరు. వేరే ఊరి పిల్లని వేరే ఊరికి పంపడం ఎలాగో అప్పుడు ఆలోచిద్దాం" అన్నాడు.

ఆ రాత్రి పేరిందేవి ఇంటికి వచ్చి దేవుడి గూటి ముందు కూర్చుంది. "స్వామీ, నాకు బంగారం వద్దు. నా పిల్ల నా ఇంట్లో కనాలి. మంటని చీలనీయకు" అంది. అని, చేతిలో ఉన్న దూది అలా నలుపుతూ కూర్చుంది.

ఇప్పుడు నీకు ఆ నోము పద్ధతులు చెప్పాలి. అవి తెలిస్తేనే కథ. మొదటిది, వత్తిని విరవకూడదు. రెండోది, ఒక్క వత్తి కూడా వెలగకుండా మిగలకూడదు. మూడోది, గుడి అరుగెక్కిన వత్తి మళ్ళీ ఇంటికి పోకూడదు, పూజారి గారు నెయ్యి చిలకరించాక కొత్త వత్తి అరుగెక్కకూడదు. తక్కువైతే దోషం గాని, నాలుగు ఎక్కువైతే స్వామి ఏమీ అనుకోడు. గుర్తుంటుందా? విరవకూడదు, మిగలకూడదు, నెయ్యి పడ్డాక లెక్క కదపకూడదు.

పౌర్ణమి రోజు తెల్లారింది. అరుగు మీద వంద చేటలూ వరస తీరాయి. తూర్పు వీధి వాళ్ళు ఇటు, పడమటి వీధి వాళ్ళు అటు. మధ్యలో కరణం జోగిరాజు గారు. పంపకాలన్నీ ఆయన చేతి మీదే. ఆయనకి లెక్కలంటే ప్రాణం. భోజనానికి కూర్చుని కూడా విస్తట్లో గారెల్ని ఎన్ని రకాలుగా పంచొచ్చో చూసి గాని తినడని ఆయన పెళ్ళాం అనేది.

"లక్షంత మెత్తని సంఖ్య ఇంకోటి లేదయ్యా" అన్నాడాయన సుద్దముక్క చేతిలో తిప్పుతూ. "ఇద్దరికి పంచు, తెగుతుంది. నలుగురికి, తెగుతుంది. అయిదుగురికి, ఎనిమిది మందికి, పదిమందికి, పాతికమందికి, ఎక్కడ నొక్కితే అక్కడ విడిపోతుంది. పండిన సీతాఫలం లాంటిది. ఇదిగో, యాభై చేటలు ఇటు, యాభై చేటలు అటు. పని అయిపోయింది."

అప్పుడు పేరిందేవి లేచింది. రాత్రి దేవుడి ముందు నలిపిన దూదిని వత్తి చేసి కొంగున కట్టుకుంది. అది విప్పి, మొదటి చేట మీద పెట్టింది.

"ఇదీ స్వామిదే కరణం గారూ. లెక్కలో వేసుకోండి" అంది.

కరణం గారు చూశాడు. లక్షా ఒకటి. రెండు వాటాలు చేస్తే ఒకటి మిగులుతుంది. మిగలకూడదు. విరవకూడదు. రెండు వీధుల వాళ్ళూ ముఖాలు చూసుకున్నారు. "ఆ ఒక్కటి మాకు ఇవ్వండి" అని ఇటు. "ఎందుకివ్వాలి" అని అటు. పేరిందేవి మనసులో దీపం వెలిగింది. బేసి సంఖ్య అయిపోయిందిగా, ఇక ఊరు రెండుగా చీలదు అనుకుంది వెర్రితల్లి.

కరణం గారు నేల మీద సుద్దతో రాసుకున్నాడు. చెరిపాడు. మళ్ళీ రాశాడు. మీసం కింద నవ్వుకున్నాడు.

"రెండుగా పోకపోతే ఇంకోలా పోతుంది. మన ఊళ్ళో ఇంటిపేర్లు ఎన్ని? పదకొండు. లక్షా ఒకటిని పదకొండుతో పంచితే ఇంటిపేరుకి తొమ్మిది వేల తొంభై ఒకటి. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి విరగలేదు. వీధికో బాణలి దేనికి, ఇంటిపేరుకో బాణలి పెట్టుకోండి" అన్నాడు.

జనంలో గుసగుస లేచింది. అదీ బాగానే ఉందన్నారు కొందరు. ఒకాయన ఇంకో ముళ్ళకంప తేవడానికి మనిషిని పంపుదామన్నాడు. పేరిందేవి తను పెట్టిన వత్తి వైపు చూసింది. రెండు ముక్కలు కాకుండా ఆపుదామనుకుంటే తన ఒక్క వత్తి ఊరిని పదకొండు ముక్కలు చేస్తోంది. అరుగెక్కింది, వెనక్కి తీయడానికి లేదు.

చూశావా చిట్టీ, ఒక్కటి చేరిస్తే సంఖ్య ఎంత మారిపోయిందో. లక్ష పక్కింట్లోనే ఉంది లక్షా ఒకటి. కాని ఇద్దరికీ పోలికే లేదు. లక్ష పదకొండు మందికి లొంగదు. లక్షా ఒకటి ఇద్దరికి లొంగదు. పక్కపక్కనే పుట్టినా ఎవరి స్వభావం వాళ్ళదే.

అప్పుడు పడమటి వీధిలోంచి చిలకమ్మ వచ్చింది. చిలకమ్మంటే మంగతాయి అత్తగారు, పేరిందేవికి వియ్యపురాలు. మనిషి పొట్టి, నోరు పెద్దది.

"తూర్పు వీధావిడ ఒకటి ఎక్కువ పెట్టిందట. మాకేం చేతుల్లేవా? దూది లేదా? మేమేం తక్కువ తిన్నామా?" అంటూ ఒక వత్తి తీసి టక్కున అదే చేట మీద పెట్టింది.

లక్షా రెండు.

కరణం గారు మళ్ళీ చెరిపి మళ్ళీ రాశాడు. పదకొండుకి ఇక పోవడం లేదు. కాని రెండుకి మళ్ళీ తెగింది. వీధికి యాభై వేల ఒకటి. మూడుకీ తెగింది. ఏడుకీ తెగింది. "అన్నిటికంటే రెండే తేలిక. మొదట అనుకున్నట్టే చేద్దాం. ఎవరి వత్తి వారికే వెళ్ళింది, ఇక ఎవరికీ బాధ లేదు" అన్నాడు.

చిలకమ్మ గెలిచినట్టు పమిట సర్దుకుంది. పేరిందేవి తల వంచుకుంది. స్వామి వైపు చూడ్డానికి కూడా మొహం చెల్లలేదు ఆవిడకి. పూజారి గారు నెయ్యి గిన్నె తెచ్చారు. ఉద్ధరిణెతో నెయ్యి తీశారు. మంత్రం మొదలుపెట్టారు.

ఆ తర్వాత జరిగింది విను. నిద్ర వస్తోందా? కాసేపాగు, ఇక్కడ నిద్రపోతే మంగతాయి అలా నుంచునే ఉంటుంది.

మంగతాయి అంతసేపూ పడమటి వీధి ఆడవాళ్ళలో నుంచుని ఉంది. అమ్మ అటు, తను ఇటు, మధ్యలో వంద చేటలు. కంప పడ్డాక అమ్మతో మాట్లాడనే లేదు. నెమ్మదిగా నడిచి అరుగు దగ్గరికి వచ్చింది. ఒక చెయ్యి నడుము మీద ఉంది. ఇంకో చేతిలో చిన్న వత్తి. పసుపులో ముంచి ఆరబెట్టిన వత్తి. ఆ మొదటి చేట మీద, అమ్మ పెట్టిన వత్తికీ అత్తగారు పెట్టిన వత్తికీ మధ్యలో దాన్ని పెట్టింది. పెట్టి చెయ్యి తీసిందో లేదో, పూజారి గారి ఉద్ధరిణెలోంచి నెయ్యి జారి ఆ చేట మీద పడింది.

నెయ్యి పడింది. ఇక లెక్క కదలదు.

లక్షా మూడు.

"అయ్యో, మళ్ళీ బేసి" అన్నాడు కరణం గారు. ఆయనకి కోపం కూడా రాలేదు. ఇందాక రెండు పోకపోతే పదకొండు పోయిందిగా, ఇదీ అంతే అనుకున్నాడు. పంచె ఎగగట్టి నేల మీద కూర్చున్నాడు.

రెండుతో పంచాడు. ఒకటి మిగిలింది.

మూడుతో పంచాడు. ఒకటి మిగిలింది.

ఏడుతో పంచాడు. ఒకటే మిగిలింది.

"మళ్ళీ మళ్ళీ ఆ ఒక్కటేనేంటండీ" అన్నాడు తూర్పు వీధి పెద్ద.

అందరూ చేట వైపు చూశారు. తెల్లవత్తుల మీద పసుపు వత్తి ఒక్కటి. లక్షా రెండు వత్తులు రెండుగా విడిపోతాయి, మూడుగా విడిపోతాయి, ఏడుగా విడిపోతాయి. ఎన్నిసార్లు పంచినా బయట నిలబడింది ఆ పసుపు వత్తే.

"అది మా ఆడపడుచు చేసింది. మాది" అన్నారు తూర్పు వాళ్ళు.

"మా కోడలు చేసింది. మాది" అన్నారు పడమటి వాళ్ళు.

మంగతాయి అప్పటిదాకా పెద్దల ముందు నోరు విప్పని పిల్ల. నెమ్మదిగా అంది. "నేను చేసింది కాదండీ. లోపలున్నది చేయించింది. దానిది ఏ వీధో పుట్టాక దాన్నే అడగండి."

అందరి కళ్ళూ ఆ పిల్ల మీదికి తిరిగాయి. కరణం గారికి మాత్రం సుద్దముక్క మీదే ధ్యాస.

అయిదుతో పంచాడు. మూడు మిగిలాయి. ముగ్గురు ఆడవాళ్ళ మూడు వత్తులూ. పదకొండుతో పంచాడు. రెండు మిగిలాయి. పదమూడు, పదిహేడు, పందొమ్మిది. లొంగలేదు. ఇరవై మూడుతో పంచి తొడ చరుచుకున్నాడు. "ఒక్కటి తక్కువైంది. ఇంకొక్క వత్తి ఉంటే అచ్చంగా తెగేది."

ఒకాయన దూది కోసం చెయ్యి చాపాడు. "నెయ్యి పడింది నాయనా" అన్నారు పూజారి గారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంతకీ ఇరవై మూడు వాటాలు ఎవరికండీ?" అని అడిగింది చిలకమ్మ.

"ముందు పోనివ్వమ్మా. ఎవరికో తర్వాత చూద్దాం" అన్నాడు కరణం గారు.

చూశావా, ఆయన ఇప్పుడు ఊరి కోసం పంచడం లేదు. ఆ సంఖ్య తనకి ఎందుకు లొంగదో తెలుసుకోవాలని పంచుతున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎవరో మజ్జిగ ఇస్తే తాగకుండా పక్కన పెట్టాడు. అరుగు కింద నేలంతా తెల్లగా లెక్కలతో నిండిపోయింది. మొదట్లో తమ వీధి వాటా ఎంతొస్తుందా అని చూసినవాళ్ళు, రాన్రాను అంతా ఒకే వైపుకి చేరి, ఆయన భుజాల మీదుగా వంగి చూడ్డం మొదలుపెట్టారు. ముప్ఫై ఏడు పోయిందా అని ఇటు వాళ్ళు అడిగితే అటు వాళ్ళు తల అడ్డంగా ఊపారు. ఏడాది తర్వాత వాళ్ళు తగువు లేకుండా మాట్లాడుకున్న మొదటి మాట అదే.

పొద్దు వాలింది. మూడు వందల పదమూడు దగ్గర కూడా ఓడిపోయి, ఆయన ఇంకో రెండు మూడు సంఖ్యల వైపు చూసి, సుద్దముక్క కింద పెట్టేశాడు.

"ఆపేశారేం? ఇంకా బోలెడన్ని సంఖ్యలున్నాయిగా" అన్నాడు పడమటి వీధి పెద్ద.

కరణం గారు మొలలోంచి చింతపిక్కల మూట తీశాడు. లెక్కలకని ఎప్పుడూ మొలలో ఉంచుకునేవాడు. పన్నెండు పిక్కలు నేల మీద పేర్చాడు.

"రెండు వరసలు పేరిస్తే వరసకి ఆరు. ఇప్పుడు నువ్వు ఇటు వచ్చి నిలబడి చూడు. ఆరు వరసలు, వరసకి రెండు. పిక్కల్ని నేను కదిపానా? లేదు. నువ్వే తిరిగావు. ప్రతి పంపకానికీ ఒక చిన్న వైపు, ఒక పెద్ద వైపు ఉంటాయి. చిన్న వైపు చూసేస్తే పెద్ద వైపు చూసినట్టే. మూడు వందల పదిహేడు వరసలు, వరసకి అన్నేసి పేరిస్తేనే లక్షా మూడు దాటిపోతుంది, అందుకే దీని చిన్న వైపు మూడు వందల పదహారు దాటలేదు. రెండుతో తెగనిది నాలుగుతోనూ తెగదు గనక, అలాంటివన్నీ వదిలేసి అరవై అయిదు సార్లు పంచాను. అరవై అయిదు సార్లూ నన్ను వెనక్కి తోసింది."

ఆయన చేతి సుద్ద దులుపుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఇంతకాలం ఇంత పెద్ద సంఖ్యల్లో నా పంపకానికి లొంగనిది లేదనుకున్నాను. ఇది ఇద్దరికి పోదు. పదిమందికి పోదు. వెయ్యిమందికి పోదు. దీన్ని రెండే రకాలుగా పంచొచ్చు. లక్షా మూడు మంది వచ్చి తలా ఒకటి పట్టుకెళ్ళాలి. లేదా, మొత్తం ఒక్కచోటే ఉండాలి."

"లక్షా మూడు మందా? మన ఊళ్ళో గొడ్డూ గోదా కలిపినా అంతమంది రారు" అన్నాడు తూర్పు వీధి పెద్ద.

"రారు" అన్నాడు కరణం గారు. "ఇంకో మాట చెప్పనా. ఇది ఇవాళ ఇలా అయింది కాదు. ఈ ముగ్గురమ్మలూ చేసిందీ కాదు. మన ఊరు లేనప్పుడు, పత్తి గింజ మొలవనప్పుడు, లెక్కపెట్టే మనిషే పుట్టనప్పుడు కూడా లక్షా మూడు ఇలాగే ఉంది. లక్ష పక్కనే, మూడడుగుల దూరంలో, ఎవరికీ చీలకుండా కూర్చుని ఉంది. ఏటా ఇదే అరుగు మీద లక్ష దాకా వచ్చి ఆగిపోయాం. దాన్ని చూడలేదు."

అని భుజం మీద ఉత్తరీయం తీసి నడుముకి చుట్టుకుని, ఆ చేటల వరసకి సాష్టాంగపడ్డాడు. స్వామికి పడ్డాడో సంఖ్యకి పడ్డాడో నాకు తెలీదు చిట్టీ. ఆ వేళకి రెండూ వేరు కావేమో. స్వామి తలుచుకుంటే కొండని పిండి చేస్తాడు. సముద్రాన్ని చెంబులో పడతాడు. కాని లక్షా మూడుని మాత్రం ఆయన కూడా అలాగే ఉండనిచ్చాడు. ఒకటి చీలకుండా ఉండడం ఎలా ఉంటుందో మనం చూడాలని కాబోలు.

పొద్దు గూట్లో పడింది. తూర్పున ఆకాశం పాలు పొంగే ముందు గిన్నెలా తెల్లబడుతోంది.

"చంద్రుడు వస్తున్నాడు. వెలగకపోతే నోము చెడుతుంది. ఏం చేస్తారో చెప్పండి" అన్నారు పూజారి గారు.

పెద్దలిద్దరూ నేల మీది లెక్కల్ని చూశారు. మళ్ళీ ఒకరినొకరు చూసుకున్నారు. ఒక బాణలిలో పోయాలన్న మాట ముందు ఎవరి నోట రావాలి? అదీ ఒక తగువే కదా. ఇద్దరూ ఊరుకున్నారు.

చిలకమ్మ ఊరుకోలేదు. "పొద్దుణ్ణుంచి నుంచుని నా కోడలి కాళ్ళు వాచాయి. మీరు చూసుకుంటూ కూర్చోండి" అంది. మొదటి చేట తనే ఎత్తింది. ఎత్తి పేరిందేవి ముందుకి వచ్చింది. "పట్టు వదినా. ఒక్కదాన్నే మోయలేను."

ఇద్దరు వియ్యపురాళ్ళూ చెరో వైపు పట్టుకుని పాత బాణలిలో పోశారు. ఆ తర్వాత రెండో చేట ఎవరో ఎత్తారు. ఆ తర్వాత మూడోది. ఇక ఎవరు ఏ వీధో చూసేవాళ్ళు లేరు. వంద చేటలూ ఖాళీ అయ్యాయి. నెయ్యి పోశారు. కొత్త బాణలి గోడకి ఆనించి అలాగే ఉండిపోయింది.

"ఎవరు వెలిగిస్తారు?" అన్నారు పూజారి గారు.

ఏడాది తగువు మళ్ళీ వచ్చి అక్కడ నిలబడింది. అప్పుడు ఇద్దరు పెద్దలూ ఒకేసారి మంగతాయి వైపు చూశారు. లోపలున్నదానికి ఇంకా వీధి లేదు కదా.

మంగతాయి దివిటీతో వత్తులు అంటించింది.

ఏం చెప్పను తల్లీ. మొదట చిన్న నీలిమంట పాములా వత్తుల మధ్య పరిగెత్తింది. తర్వాత ఒక్కసారి లేచింది. గుడి గోపురం మీది చిలకలన్నీ తెల్లారిందనుకుని అరిచాయి. లక్షా మూడు వత్తుల్లో ఏది తూర్పుదో ఏది పడమరదో, ఏది పసుపుదో తెలీలేదు. ఒక్క వత్తి మిగల్లేదు. మంట వెనకాల చంద్రుడు వచ్చాడు. ముసలివాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. చంటిపిల్లలు ఏడుపు మరిచిపోయారు. ఆ వెలుగులో అందరి మొహాలూ ఒకే ఇంటి మొహాల్లా ఉన్నాయి.

ఏంటీ, మంట ఎటు వాలిందా? ఆ సంగతి ఎవరికీ తెలీదే. ఆ రోజు ఎవరూ అది చూడలేదు.

మంట తగ్గాక చిలకమ్మ పేరిందేవి చెయ్యి పట్టుకుంది. "నేను పంతానికే పెట్టాను వదినా వత్తి. పుణ్యానికి కాదు" అంది.

"నేను మాత్రం? నా కూతురు కోసం పెట్టాను. స్వామి కోసమని అబద్ధం ఆడాను" అంది పేరిందేవి.

"అయితే మనిద్దరి పాపమూ ఆ పిల్ల వత్తి కడిగింది. పో, తీసుకుపో. ముందు ఆ కంప తీయించు, కడుపుతో ఉన్న పిల్ల ఎలా దాటుతుంది?"

మర్నాడు పొద్దున్నే ఆ వీధి వాళ్ళూ ఈ వీధి వాళ్ళూ కలిసి కంప లాగేశారు. అంత కంప ఏం చెయ్యాలో తెలీక పేరిందేవి దొడ్లో పోగేశారు. మంగతాయి ఏడో నెల చీర కట్టుకుని, ఆ దారినే నడుచుకుంటూ అమ్మ ఇంటికి వచ్చింది.

పుష్యమాసంలో చలి బాగా ఉన్న ఒక పొద్దున ఆ పిల్లకి నొప్పులొచ్చాయి. మంత్రసాని వేన్నీళ్ళు కావాలంది. పేరిందేవి దొడ్లోకి పరిగెత్తింది. ఏడాది ఊరిని అడ్డుకున్న ముళ్ళకంప, ఎండి గలగలలాడుతోంది. పొయ్యిలో పెడితే భగ్గున అంటుకుంది. ఆ వేన్నీళ్ళతోనే పసిదానికి మొదటి స్నానం పోశారు. ఆడపిల్ల. బొద్దుగా, నోరంతా తెరిచి ఏడ్చే పిల్ల.

ఊరంతా చూడ్డానికి వచ్చింది. "ముక్కు తూర్పు వీధిదే" అన్నారు వీళ్ళు. "నోరు మాత్రం మాది, సందేహం లేదు" అంది చిలకమ్మ. అందరూ కరణం గారి వైపు తిరిగారు. "మీరు చెప్పండి, ఇందులో ఎవరి పాలు ఎంతో."

కరణం గారు ఉయ్యాల మీదికి వంగి చూశాడు.  తర్వాత మొలలో చింతపిక్కల మూట తీసి, గలగలమనిపించి, పిల్ల పిడికిట్లో పెట్టాడు.

"నాకు తెలీదమ్మా. కొన్నిటిని నేనిక పంచను" అన్నాడు.

ఆ తర్వాత ఏ ఏడూ ఆ ఊళ్ళో లక్ష దగ్గర ఆగలేదు. వంద చేటలూ సరి చూసుకుని, మూడు వత్తులు పైన పెడతారు. ఒకటి పుట్టింటి పేరు మీద, ఒకటి అత్తింటి పేరు మీద. మధ్యలో పసుపుది, ఇంకా పుట్టనివాళ్ళ పేరు మీద.

రేపు పొద్దున్న నీకు పదమూడు చింతపిక్కలు ఇస్తాను. ఎన్ని రకాలుగా పేర్చినా సరి అవుతుందేమో చూడు. అవదు గాని, చూడు. ఇప్పుడు కళ్ళు మూసుకో. పాట పాడతాను, ఊఁ కొట్టక్కర్లేదు.

ఇద్దరికి పంచితే ఒకటి మిగిలింది,
ముగ్గురికి పంచితే ఒకటి మిగిలింది,
ఏడుగురికి పంచినా ఒకటే మిగిలింది,
ఎవరికీ పంచకపోతే ఊరంతా వెలిగింది.
కథేమో కంచి దారి పట్టింది,
కునుకొచ్చి మనింటి తలుపు తట్టింది.